సముద్రానికి నాలుగు మీటర్ల కింద మా ఇల్లు

పోయిన ఏప్రిల్లో అమ్మానాన్నా మొదటిసారి నెదర్లాండ్స్ వచ్చారు. స్కిపోల్ ఎయిర్‌పోర్టు బయట ట్రాలీ తోసుకుంటూ నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఇక్కడికి సముద్రం ఎంత దూరం రా?" అని.

మూడేళ్ళుగా ఈ దేశం గురించి పోగేసిన జ్ఞానమంతా ఒలకబోసే అవకాశం ఇంత త్వరగా వస్తుందనుకోలేదు నేను. "ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు నాన్నా. అసలు సంగతేంటంటే, ఇప్పుడు మనం నించున్న చోటు సముద్రమట్టం కంటే మూడు మీటర్లు కింద ఉంది. మా ఇల్లు ఇంకా కింద, నాలుగు మీటర్లు" అన్నాను, అదేదో నేనే తవ్వినట్టు గర్వంగా. నాన్న ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి ఒకసారి ఆకాశం వైపు చూశాడు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే, వాళ్ళ పాస్‌పోర్టులు, నా పాస్‌పోర్టు, కొంచెం డబ్బు ఒక పాలిథీన్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి బీరువా పైన పెట్టి ఉన్నాయి. అమ్మనడిగితే, "ఆయన అంతేరా, మనింట్లో కూడా అలాగే పెడతాడుగా" అంది. నిజమే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాన్నకి తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో ఆ సంగతి మాట్లాడరు. అంతవరకే నాకు తెలుసు.

ఈ మధ్య నెలకొకరైనా మెసేజి పెడుతున్నారు, "బాసూ, యూరప్ ట్రిప్పు వేస్తున్నాం, ఆమ్‌స్టర్‌డామ్‌కి రెండ్రోజులు సరిపోతుందా?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. కానీ రాయడానికి కూర్చుంటే నాన్న లేకుండా ఈ దేశం గురించి చెప్పలేనని అర్థమైంది. కాబట్టి రెండూ కలిపే చదువుకోండి.

ముందు పేరు సంగతి

మనం హాలండ్ అంటాం గానీ, హాలండ్ అనేది ఇక్కడున్న 12 ప్రావిన్సుల్లో రెండిటి పేరు మాత్రమే: ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్. 2020 నుంచి ప్రభుత్వం కూడా తన ప్రచారంలో ఆ పేరు మానేసి నెదర్లాండ్స్ అనే అంటోంది. ఆ మాటకి అర్థమే పల్లపు నేలలు. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, కానీ పార్లమెంటు, ప్రభుత్వం, రాజుగారి ఆఫీసు అన్నీ ద హేగ్‌లో. క్విజ్ పోటీల్లో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు :)

వైశాల్యం సుమారు 41,500 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు. జనాభా 2024లో కోటీ 80 లక్షలు దాటింది. యూరప్‌లో ఉన్న నేలలో అత్యంత ఎత్తైన చోటు, దక్షిణాన జర్మనీ, బెల్జియం సరిహద్దులు కలిసే దగ్గర, 322 మీటర్లు. మన దుర్గమ్మ కొండ గురించి వీళ్ళకి చెప్తే పర్వతం అనుకుంటారు.

రైన్, మాస్, షెల్ట్ అనే మూడు నదులు సముద్రంలో కలిసే చోట ఒండ్రుమట్టితో ఏర్పడ్డ డెల్టా ఇది. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఈ దేశం మ్యాపు ఏమాత్రం కొత్తగా ఉండదు. పాయలు, లంకలు, కాలవలు, పచ్చటి చదును. కొబ్బరిచెట్లొక్కటే తక్కువ.

ఇక సముద్రమట్టం కింద ఎంత ఉందనే దాని మీద ఒక సరదా కథ ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదికలో 55 శాతం అని పడింది. అసలు లెక్క 26 శాతం. ఇంకో 29 శాతానికి నదుల వరద ముప్పు ఉంది. ఎవరో రెండూ కూడేశారు. ఆ అంకె ఇచ్చింది డచ్చి ప్రభుత్వ సంస్థే, తప్పు తమదేనని తర్వాత ఒప్పుకున్నారు కూడా. ప్రొడక్షన్లో బగ్గు ఎవరికైనా వస్తుందన్నమాట.

ఆపడానికి వీల్లేని పంపు

వీళ్ళు సముద్రాన్ని వెనక్కి నెట్టి దేశం కట్టుకున్నారని అందరూ చెప్తారు. అది సగం నిజమే. మిగతా సగం నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. మొదట్లో ఈ నేల సముద్రమట్టం కంటే పైనే ఉండేది. మెత్తటి పీట్ నేల, అంటే వేల ఏళ్ళుగా కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన బురద. సాగు కోసం దాన్లోంచి నీళ్ళు తీసేశారు. నీళ్ళు పోయేసరికి స్పాంజిలా నేల కుంగింది. కుంగిన నేలలోకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. కట్టలు కట్టి, పదిహేనో శతాబ్దం నుంచి గాలిమరలతో తోడారు. తోడితే ఇంకా కుంగింది. తర్వాత ఆవిరి పంపులు, డీజిల్ పంపులు, కరెంటు పంపులు. ఒకసారి మొదలెట్టాక ఆపడానికి లేదు. మన భాషలో చెప్పాలంటే వెయ్యేళ్ళ టెక్నికల్ డెట్, వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నారు.

మేముండే హూఫ్డార్ప్, పక్కనున్న స్కిపోల్ ఎయిర్‌పోర్టు ఒకప్పుడు పెద్ద సరస్సు అడుగు. గాలికి ఆ నీళ్ళు ఎగసి ఊళ్ళను మింగుతున్నాయని 1849 నుంచి 1852 దాకా మూడు పెద్ద ఆవిరి పంపులతో మొత్తం తోడేశారు. వాటిలో క్రూకియస్ అనేది ఇప్పుడు మ్యూజియం. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను, గంటసేపు నోరు తెరుచుకుని చూస్తారు. 1932లో ఇంకో అడుగు ముందుకేసి, 32 కిలోమీటర్ల కట్టతో ఏకంగా ఒక సముద్రపు పాయనే మూసేసి మంచినీళ్ళ సరస్సు చేశారు. దాన్లోంచి తీసిన నేల మీద 1986లో ఫ్లేవోలాండ్ అనే కొత్త ప్రావిన్సే ఏర్పడింది.

ఇదంతా చూసుకునేది వాటర్‌బోర్డులు. పదమూడో శతాబ్దం నాటినుంచీ ఉన్నాయి, ఇప్పటికి 21 ఉన్నాయి. వీటికి ఎన్నికలు జరుగుతాయి, విడిగా పన్ను వేస్తాయి. కట్ట తెగితే అయ్యవారి పొలం, పాలేరు పొలం రెండూ మునుగుతాయి కాబట్టి అందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడం వీళ్ళకి అలా అలవాటైందంటారు. ఆఫీసులో చిన్న నిర్ణయానికి కూడా నాలుగు మీటింగులు పెడితే విసుక్కోకండి. దానికి ఇక్కడ "పోల్డరెన్" అని పేరే ఉంది.

వలందపాలెం

వీళ్ళ చరిత్ర గురించి రాస్తూ మన ఊళ్ళ సంగతి రాయకపోతే ఎలా? స్పెయిన్ రాజు మీద 1568లో తిరగబడి, 80 ఏళ్ళు పోరాడి 1648లో స్వతంత్రం ఒప్పించుకున్నారు. ఆ యుద్ధం మధ్యలోనే 1602లో వీవోసీ, అంటే డచ్చి ఈస్టిండియా కంపెనీ పెట్టారు. జనం నుంచి వాటాలు వసూలు చేసి, వాటిని ఆమ్‌స్టర్‌డామ్ బజార్లో కొనడం, అమ్మడం మొదలైంది దాంతోనే. మన డీమ్యాట్ ఖాతాలకి ముత్తాత అది.

ఆ కంపెనీ నాలుగేళ్ళు తిరక్కుండానే బందరు వచ్చింది. అప్పుడది గోల్కొండ సుల్తానుల రేవు. బందర్లో ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేటలతో పాటు వలందపాలెం ఇప్పటికీ ఉంది. వలందులంటే ఈ హాలండ్ వాళ్ళే. పులికాట్‌లో కోట కట్టారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన కలంకారీ అద్దకం బట్టలు ఓడల్లో ఇక్కడికొచ్చి "సిట్స్" అనే పేరుతో డచ్చి ఆడవాళ్ళ ఒంటి మీదికెక్కాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో కోరమాండల్ బట్ట ముందు నిలబడి అమ్మ, "ఇది మన పెడన అద్దకంలా ఉందిరా" అంది. కింద చీటీ చదవకుండానే.

కానీ బట్టలొక్కటే పోలేదు. కరువు రోజుల్లో తిండికి లేక తమని తాము అమ్ముకున్న మన తీరం మనుషుల్ని ఇదే కంపెనీ వేల సంఖ్యలో బానిసలుగా బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి తీసుకెళ్ళింది. జాజికాయ కోసం 1621లో బాందా దీవుల్లో ఊళ్ళకి ఊళ్ళనే తుడిచిపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్కన అందమైన ఇళ్ళు చూసి ఫొటో దిగేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోండి. బానిసత్వం విషయంలో 2022 డిసెంబరులో ప్రధాని, 2023 జులై 1న రాజు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆలస్యమే, కానీ చెప్పారు.

ఇంకో సంగతి. 1873లో కలకత్తా నుంచి కూలీలుగా సురినామ్ వెళ్ళినవాళ్ళ మునిమనవలు ద హేగ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్ళ రోటీ హోటళ్ళలో తినండి. పదిరోజులు రొట్టె, చీజ్ తిన్న నాలుకకి ప్రాణం లేచొస్తుంది.

మొహమాటం లేని మనుషులు

కొత్తగా వచ్చినప్పుడు నా మొదటి డిజైన్ రివ్యూలో ఒక డచ్చి సహోద్యోగి అందరి ముందూ "ఇది బాలేదు, ఎందుకంటే..." అని మొదలెట్టి ఏడు కారణాలు చెప్పాడు. అవమానంతో నా చెవులు ఎర్రబడ్డాయి. పావుగంట తర్వాత అదే మనిషి నా పక్కన కూర్చుని, రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటూ, నా సైకిల్ బ్రేకు ఎలా బాగుచేసుకోవాలో చెప్తున్నాడు. డిజైన్‌ని తిట్టాడు గానీ నన్ను తిట్టలేదని అర్థమవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. మనం "చూద్దాం" అంటే కాదని అర్థం. వీళ్ళు "చూద్దాం" అంటే డైరీ తీసి తారీఖు అడుగుతారు.

మన వృత్తికి ఈ దేశం చేసిన మేలు కూడా తక్కువేం కాదు. డైక్‌స్ట్రా రోటర్‌డామ్‌లో పుట్టాడు. కాలేజీలో మనల్ని ఏడిపించిన ఆ షార్టెస్ట్ పాత్ అల్గారిథం 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ హోటలు బయట కూర్చుని, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించాడట. పైథాన్ పుట్టింది కూడా ఆమ్‌స్టర్‌డామ్‌లోనే, 1989 క్రిస్మస్ సెలవుల్లో.

సరే, నాన్న దగ్గరికొస్తాను. వచ్చి వారమైంది. క్యూకెన్‌హాఫ్ తోటలో ట్యూలిప్పులు చూశాం. కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు చూశాం. రాజుగారి పుట్టినరోజుకి ఊరంతా నారింజరంగు బట్టలేసుకుంటే నాన్న కూడా ఒక టోపీ పెట్టుకున్నాడు. కానీ రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. గాలి గట్టిగా వీచినప్పుడల్లా హాల్లో లైటు వెలిగేది. ఆఫీసులో అదే సహోద్యోగితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. "ఎందుకని అడిగావా?" అన్నాడు. మా ఇంట్లో అలా అడగరని చెప్పాను. "మరి ఎవరు అడగాలి?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఔవర్కెర్క్

ఆ శనివారం కారు అద్దెకి తీసుకుని నైరుతి మూలనున్న జీలాండ్ వెళ్ళాం. అమ్మ తోడుగా ఒక తెలుగు స్నేహితుడి ఇంట్లో ఆగిపోయింది. నాన్నా నేనే.

1953 జనవరి 31, శనివారం రాత్రి. పోటు ఎక్కువగా ఉన్న రోజున వాయవ్యం నుంచి తుపాను గాలి తోడైంది. కట్టలు తక్కువ ఎత్తున ఉన్నాయని వాన్ వీన్ అనే ప్రభుత్వ ఇంజనీరు అంతకుముందే హెచ్చరించాడు. యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న దేశానికి వేరే ఖర్చులున్నాయి. అర్ధరాత్రికి రేడియో ప్రసారాలు ఆగిపోయాయి. జనం నిద్రపోయారు. తెల్లవారేసరికి ఈ దేశంలో 1,836 మంది లేరు.

ఆఖరి గండి ఔవర్కెర్క్ అనే ఊళ్ళో. నవంబరు దాకా పూడలేదు. ఓడల్లా తేలే నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలు తెచ్చి ముంచి మూశారు. ఆ నాలుగు పెట్టెలే ఇప్పుడు మ్యూజియం. లోపల ఆ రాత్రి బతికినవాళ్ళ మాటలు, దొరికిన సామాన్లు ఉన్నాయి. చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి. లెక్క 1,836 అని కాకుండా 1835+1 అని ఉంది. ఆ ఒక్కటీ ఏంటని నాన్న అడిగాడు. ఆ రాత్రే పుట్టి ఆ రాత్రే పోయిన బిడ్డ, ఏ రిజిస్టర్లోనూ పేరెక్కలేదు, అయినా లెక్కలో కలిపారు అని చెప్పాను.

నాన్న అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపటికి, "చెల్లెలుండేది రా నాకు. నాలుగేళ్ళు" అన్నాడు.

నాకు మేనత్త ఉండేదని ఇరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

నీళ్ళు గుమ్మం దాటగానే నాయనమ్మ ఇద్దర్నీ తీసుకుని తుమ్మచెట్టు దగ్గరికి పరిగెత్తిందట. చీరతో నాన్నని చెట్టుకి కడుతూ, చెల్లిని పట్టుకోమని ఆయన చేతికిచ్చింది. "నా చేతిలోనే ఉంది రా. ఎప్పుడు జారిందో తెలీలేదు. మీ నాయనమ్మ చచ్చిపోయేదాకా నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది." పేరు చెప్పాడు. అది ఇక్కడ రాయను. ఫొటో లేదు, ఏ కాగితం మీదా ఆ పేరు లేదు. దివిసీమలో పోయినవాళ్ళు పదివేల మంది దాకా అన్నారు, ఇంకా ఎక్కువేనని కూడా అన్నారు. ఆ "దాకా"లో తనుందో లేదో ఎవరికి తెలుసు?

నేను ఏమనాలో తెలీక, తొమ్మిదేళ్ళ పిల్లాడివి, నువ్వేం చేస్తావు నాన్నా అన్నాను. తల ఊపాడు. ఆ మాట ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, నలభై ఏళ్ళ కిందట.

అక్కణ్ణుంచి ఈస్టర్న్ షెల్ట్ అడ్డుకట్ట మీదికి వెళ్ళాం. వరద వచ్చిన ఇరవై రోజుల్లో వీళ్ళు డెల్టా కమిషన్ వేశారు. మధ్య హాలండ్‌కి కమిషన్ పెట్టిన ప్రమాణం ఏంటంటే, ఏ సంవత్సరంలోనైనా సముద్రం కట్ట దాటే అవకాశం పదివేలలో ఒకటే ఉండాలి. మన క్లయింట్లు అడిగే నాలుగు తొమ్మిదుల ఎస్సెల్యే అన్నమాట, సముద్రంతో. పనులు నాలుగు దశాబ్దాలకు పైగా సాగాయి. ఈ పాయని మొత్తం మూసేద్దామనుకుంటే బెస్తవాళ్ళు, పర్యావరణం వాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని 65 స్తంభాల మధ్య 62 ఉక్కు తలుపులు పెట్టి 1986లో తెరిచారు. మామూలు రోజుల్లో పోటూ పాటూ యథాప్రకారం నడుస్తాయి, తుపానప్పుడు తలుపులు దిగుతాయి. రోటర్‌డామ్ దగ్గర 1997లో కట్టిన ఇంకోదానికి రెండే తలుపులు, ఒక్కోటి 210 మీటర్ల వెడల్పు. మూయాలా వద్దా అన్నది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. 2023 డిసెంబరు 21న మొదటిసారి నిజమైన పోటుకి తనంతట తనే మూసుకుంది. ఆ కోడు రాసినవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

తలుపుల కింద నీళ్ళు సుడులు తిరుగుతుంటే నాన్న రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంత డబ్బు మన దగ్గర లేదులే అని నేనేదో సర్దిచెప్పబోతే, ఆయనే అన్నాడు, "మనవాళ్ళూ ఊరుకోలేదు రా. షెల్టర్లు కట్టారు. 1990లో అంతటి గాలివానే వస్తే ముందే ఖాళీ చేయించారు. వెయ్యిలోపే పోయారు. లెక్క తేడా చూడు." నిజమే. ఇక్కడివాళ్ళు సముద్రాన్ని ఆపారు, మనవాళ్ళు మనుషుల్ని కదిలించారు. రెండిటికీ ముందు జరగాల్సింది మాత్రం ఒకటే: జరిగింది జరిగిందని చెప్పుకోవడం.

వచ్చేవాళ్ళకి చివరిగా నాలుగు ముక్కలు. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. ట్యూలిప్పుల కోసమైతే ఏప్రిల్ మధ్యలో రండి. ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్లోనే, ఆరువారాల ముందు మంగళవారం వదుల్తారు, నిమిషాల్లో అయిపోతాయి. బస్సుకీ రైలుకీ బ్యాంకు కార్డు చూపిస్తే చాలు, దిగేటప్పుడు మళ్ళీ చూపించడం మర్చిపోకండి. ఎర్రరంగు దారి సైకిళ్ళది, దాని మీద నిలబడి ఫొటోలు దిగకండి. ఆమ్‌స్టర్‌డామ్‌కి రెండ్రోజులు చాలు. మూడో రోజు జీలాండ్ వెళ్ళండి. అమ్మానాన్నలతో వస్తే తప్పకుండా వెళ్ళండి. దార్లో వాళ్ళని ఏదైనా అడగండి.

తిరిగి వెళ్ళే ముందు రోజు నాన్న ఫ్రిజ్ మీదున్న ఒక కాగితం చూపించి ఏంటిది అన్నాడు. వాటర్‌బోర్డు పన్ను. ప్రతి ఏడూ వస్తుంది, ప్రతి ఏడూ తిట్టుకుంటాను. 2023లో ఓటు కూడా వచ్చింది, ఈ దేశం పౌరసత్వం లేకపోయినా ఇక్కడుంటే వేయొచ్చు. వర్షమొచ్చిందని బద్ధకించి వెళ్ళలేదు. అదే చెప్పాను.

నాన్న కాగితాన్ని మళ్ళీ మ్యాగ్నెట్ కింద పెట్టి, "ఇది మాత్రం టైముకి కట్టరా. ఈసారి ఓటు కూడా వెయ్యి" అన్నాడు. తర్వాత బీరువా మీద నుంచి పాలిథీన్ కవరు తీసి, తమ పాస్‌పోర్టులు రెండూ జేబులో పెట్టుకుని, నాది అందులోనే ఉంచి, మళ్ళీ రబ్బరు బ్యాండు వేసి పైన పెట్టాడు.

ఇంకా అక్కడే ఉంది. తీయలేదు.